నేల బరువు తూచే స్ప్రింగు

మన ధర్మవరం సీమలోని కనగానపల్లి చేలల్లో బోరు ఎండితే ఆ బోరు సంగతే తెలుస్తుంది. చుట్టూ ఉన్న రాతి పగుళ్లలోంచి మొత్తం ఎంత నీరు పోయిందో తెలియాలంటే నేలనే తూచాలి. ఆ పని చేసే యంత్రం గ్రావిమీటర్. లోపల నీరు తగ్గితే బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే పైన గురుత్వాకర్షణ రవంత తగ్గుతుంది. దాన్ని పట్టుకోవడమే దీని విద్య.

దీనికి ముందు లోలకం ఉండేది. గురుత్వం ఎక్కువున్నచోట లోలకం త్వరగా ఊగుతుంది. 1865లో మొదలుపెట్టి సర్వే అధికారి బసెవి లోలకాలతో దేశమంతా తిరిగాడు. బెంగళూరులో కొలిచాడు, కొడంగల్‌లో కొలిచాడు. ఆ రెండింటి నడుమే మన పెనుకొండ, ధర్మవరం సీమ ఉంది. 1871లో లడఖ్ ఎత్తుల్లో అదే పని మీద ఉండగా ఆయన ప్రాణం పోయింది.

1932లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ రాంబర్గ్ తన విద్యార్థి లూసియన్ లకోస్ట్‌కు భూకంపమాపకం గురించి ఒక లెక్క అప్పగించాడు. దాన్ని సాధిస్తూ లకోస్ట్ ఒక కొత్త స్ప్రింగును కనిపెట్టాడు. దాని లాగుడు ఎంత సాగిందన్నదాన్ని బట్టి కాక, మొత్తం పొడవును బట్టి ఉంటుంది. దానికి వేలాడే బరువు అతి సున్నితంగా నిలుస్తుంది. గురుత్వం ఇసుమంత మారినా స్పష్టంగా కదులుతుంది. 1939లో గురుశిష్యులు కలిసి ఈ స్ప్రింగుతో గ్రావిమీటర్లు చేసే కంపెనీ పెట్టారు. ఈ వంశపు పరికరాలు మైక్రోగాల్‌లలో, అంటే భూగురుత్వంలో సుమారు నూరు కోట్లలో ఒక వంతు చొప్పున, మార్పులను లెక్కిస్తాయి.

ఈ యంత్రం అసలు సత్తా న్యూజిలాండ్‌లోని వైరాకేయ్‌లో తేలింది. అక్కడ 1958 నుంచి భూగర్భపు వేడినీటితో, ఆవిరితో కరెంటు తీస్తున్నారు. గుర్తుపెట్టిన అవే చోట్ల 1961 నుంచి మళ్లీమళ్లీ గురుత్వం కొలిచారు. తొలి ఏళ్లలో తోడినదాంట్లో కొంతే తిరిగి చేరిందనీ, తర్వాత చాలావరకు భర్తీ అయిందనీ అంకెలు చెప్పాయి. ఈ లెక్కకు ఓపిక కావాలి. నేల ఒక సెంటీమీటరు కుంగితే గురుత్వం 3 మైక్రోగాల్‌లు పెరుగుతుంది. వైరాకేయ్‌లో ఒకచోట నేల 10 మీటర్లకు పైగా కుంగింది. సూర్యచంద్రుల లాగుడు వంద మైక్రోగాల్‌లకు మించి తేడా తెస్తుంది. ఇవన్నీ తీసేశాకే నీటి వాటా తేలుతుంది.

మన కనగానపల్లికి ఇది పనికొస్తుందా? రాతిలో నీరు పట్టే జాగా నూటికి 2 వంతులు అనుకుందాం. నీటిమట్టం 10 మీటర్లు దిగితే పోయింది 20 సెంటీమీటర్ల మందం నీరే. గురుత్వంలో తేడా సుమారు 8 మైక్రోగాల్‌లు. పరికరం పట్టు అంచుల్లో ఉన్న అంకె ఇది. ఒక్క ఏటి కొలత చాలదు. ఏళ్ల తరబడి తరిగిన నీటిని మాత్రం పట్టవచ్చు.

వైరాకేయ్‌లాగే మణుగూరు దగ్గర పగిడేరులోనూ వేడినీటితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం పెట్టారు. ఇలాంటివి రేపు పెద్దవైతే, తోడటం పెంచకముందే మొదటి కొలత తీసి ఉంచాలి. నిన్నటి బరువు రాసి పెట్టనిదే నేడు ఎంత తగ్గిందో ఎవరూ చెప్పలేరు. బోర్లు దించే మన మండలాలకూ ఆ మొదటి కొలత ఇప్పుడే కావాలి.