మడమతో ఒక గోలు, ఫైళ్లతో ఒక జట్టు

ఈ వారం ముఖచిత్రానికి మా ఎడిటర్‌గారు అడిగింది ఆటగాళ్ల గురించి కాదు, కోచ్‌ల గురించీ కాదు. కోచ్‌లను ఎంపిక చేసే స్పోర్టింగ్ డైరెక్టర్ల గురించి. గురువారానికల్లా పేజీలు ప్రెస్సుకు వెళ్లాలి. ఫిన్లాండ్ మాజీ డిఫెండర్ హన్ను తిహినెన్‌ని పట్టుకుని, ఆఫీసు కుర్చీలో ఆయన ఏం చేశారో చూద్దామని కూర్చున్నాను. మధ్యలో ఓ చిన్న వీడియో అడ్డం తగిలింది. ఎడిటర్‌గారు ఏమనుకున్నా సరే, ముందు దాని సంగతే.

2009 సెప్టెంబర్ 30. ఇటలీలోని శాన్ సిరో స్టేడియం. ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్. ఒక పక్క అప్పటికే ఏడుసార్లు యూరప్ విజేతగా నిలిచిన ఏసీ మిలాన్. పిర్లో, సీడార్ఫ్, నెస్తా, రొనాల్డీన్యో లాంటివాళ్లున్న క్లబ్బు. ఎదురుగా స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఎఫ్‌సీ జ్యూరిక్. రెండు వారాల కిందటే సొంత ఊళ్లో రియల్ మాడ్రిడ్ చేతిలో 2-5తో చిత్తయిన జట్టు. రొనాల్డో రెండు ఫ్రీకిక్‌లు నేరుగా వలలోకి కొట్టింది ఆ మ్యాచ్‌లోనే. శాన్ సిరోలో ఎన్ని గోల్స్ తింటారన్నదే మిగిలిన ప్రశ్న.

పదో నిమిషంలో జ్యూరిక్‌కు కార్నర్ దొరికింది. ఇలాంటప్పుడు పొడగరి డిఫెండర్లు ముందుకు వెళ్తారు. తలతో కొట్టి రావడం వాళ్ల పని. ముప్పై మూడేళ్ల తిహినెన్ కూడా అందుకే వెళ్లారు. వచ్చిన బంతి తలకు అందేది కాదు. వెనక్కి తిరిగి చూసుకునే వ్యవధి లేదు. ఉన్నపళంగా కాలు వెనక్కి విసిరి మడమతో తాకించారు. గోల్‌కీపర్‌కు విషయం అర్థమయ్యేసరికి బంతి లోపలుంది. స్ట్రైకర్లు కూడా సాధన వేళల్లో సరదాకు తప్ప ప్రయత్నించని షాట్ అది. ఒక సెంటర్ బ్యాక్ దాన్ని ఛాంపియన్స్ లీగ్‌లో, అదీ మిలాన్ మీద కొట్టేశాడు!

వీడియో అక్కడితో అయిపోతుంది. మ్యాచ్ అవ్వలేదు. ఇంకా 80 నిమిషాలుంది. తిహినెన్ అసలు ఉద్యోగం అప్పుడే మొదలైంది: అడ్డుకోవడం, బంతిని బయటికి తన్నడం, పక్కవాణ్ని సర్ది నిలబెట్టడం. చివరికి స్కోరు 1-0. తిహినెన్ గొప్పతనానికి నేనైతే ఆ 80 నిమిషాలనే సాక్ష్యంగా పెడతాను. డిఫెండర్ పని బాగా జరిగిందంటే స్కోరుబోర్డు మీద ఏమీ మారదు. ఏమీ మారకపోవడాన్ని ఎవరు వీడియో తీస్తారు?

ఇక చరిత్ర చకచకా. పుట్టింది 1976లో, ఫిన్లాండ్ ఉత్తర కొసన లాప్‌లాండ్‌లోని కెమిన్‌మాలో. హెల్సింకీలో హెచ్‌జేకే, నార్వేలో వైకింగ్, అక్కణ్నుంచి అరువు మీద కొన్నాళ్లు లండన్‌లో వెస్ట్‌హామ్. బెల్జియంలో అండర్‌లెక్ట్‌తో 2004, 2006 లీగ్ టైటిళ్లు. జ్యూరిక్‌తో 2007, 2009ల్లో మరో రెండు. దేశం తరఫున 76 మ్యాచ్‌లు, ఎక్కువగా సమీ హ్యూపియా పక్కన. 2010లో బూట్లు విప్పేశారు.

తర్వాత ఫిన్లాండ్ ఫుట్‌బాల్ సంఘంలో అగ్రస్థాయి ఆట బాధ్యత తీసుకున్నారు. క్లబ్బు డైరెక్టర్ చేతిలో డబ్బుంటుంది, ఆటగాణ్ని కొనొచ్చు, నచ్చకపోతే అమ్మొచ్చు. దేశపు జట్టుకు ఆ వీలు లేదు. 55 లక్షల జనాభాలో, అదీ ఐస్ హాకీకి పోగా మిగిలిన పిల్లల్లోంచి తయారు చేసుకోవలసిందే. చలికాలమంతా నేల గడ్డకట్టుకునే దేశంలో పైకప్పున్న మైదానాలు, వయసులవారీ జట్లు, కోచ్‌లకు శిక్షణ, అందరికీ ఒకే ఆటతీరు... ఇవీ ఆ బల్ల మీది ఫైళ్లు.

ఈ పదవి మీద నాకు మొదటినుంచీ కొంచెం అనుమానమే. పెళ్లి భోజనం బాగుంటే వంటవాణ్ని మెచ్చుకుంటాం, సరుకులు తెచ్చినవాడి పేరు అడగం. బాగోకపోతే మాత్రం ‘ఆ పప్పు ఎక్కడ కొన్నార్రా’ అంటాం. 2016లో ఫిన్లాండ్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. తొలి పోటీ మ్యాచ్ ఆడుతున్న కొసావోతో సైతం 1-1తో డ్రా. ఏడాది చివర స్వీడన్‌కు చెందిన కోచ్ హాన్స్ బకేను పంపించేశారు. ఆ స్థానం మార్కు కనెర్వాకు దక్కింది. ఆయన ఒకప్పుడు బడిపంతులు. అండర్-21 జట్టును 2009 యూరో టోర్నీకి తీసుకెళ్లి, తర్వాత ఏళ్లతరబడి సీనియర్ జట్టుకు సహాయకుడిగా ఉన్న మనిషి. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఇంట్లోనే ఉన్నవాణ్ని నమ్మారు. హాడ్జ్‌సన్, బ్యాక్స్‌టర్, బకే అంటూ పలుమార్లు విదేశీ కోచ్‌లను తెచ్చుకున్న సంఘం అది.

2019 నవంబర్ 15న హెల్సింకీలో లిక్టెన్‌స్టైన్‌పై 3-0. స్ట్రైకర్ పుక్కి రెండు గోల్స్ కొట్టాడు. ఫిన్లాండ్ పురుషుల జట్టు తొలిసారి ఒక పెద్ద టోర్నీకి, యూరోకు, అర్హత సాధించింది. ఆ టోర్నీలో, 2021 జూన్‌లో కోపెన్‌హేగెన్‌లో డెన్మార్క్‌పై 1-0 గెలుపు. డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ మైదానంలో కుప్పకూలిన మ్యాచ్ అది, సంబరానికి ఎవరికీ మనసు రాలేదు. ఆ తర్వాత రష్యా, బెల్జియం చేతుల్లో ఓడి ఇంటిదారి పట్టారు.

ఇందులో తిహినెన్ వాటా ఎంత? కనెర్వాకే ఎక్కువ ఇస్తాను, పుక్కికి ఇంకాస్త. కానీ ఓటముల ఏడాది తర్వాత కూడా పునాది పనులు ఆపకపోవడం మాత్రం డిఫెండర్ బుద్ధే. ఆ మార్కులు తిహినెన్‌వి.

బాక్సు 1: గుడ్లగూబ గారు

2007 జూన్ 6న హెల్సింకీ ఒలింపిక్ స్టేడియంలో బెల్జియంతో మ్యాచ్ జరుగుతుండగా పెద్ద గుడ్లగూబ ఒకటి ఎగురుతూ వచ్చి గోల్‌పోస్ట్ మీద వాలింది. ఆట ఆపేశారు. ఫిన్లాండ్ 2-0తో గెలిచింది. ‘బుబి’ అనే ఆ గుడ్లగూబను ఆ ఏటి హెల్సింకీ పౌరుడిగా ఎంపిక చేశారు. జట్టుకూ గుడ్లగూబల పేరే స్థిరపడింది. మన దగ్గరైతే శాంతి చేయించేవాళ్లు!

బాక్సు 2: హెల్సింకీలో హైదరాబాదీ

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. మనవాళ్లలో చాలామంది ఉత్తికాళ్లతో ఆడారు. బూట్లు తప్పనిసరి అయ్యింది ఆ దెబ్బతోనే. అప్పటి కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. కనెర్వాలాగే ఆయనా ఉపాధ్యాయుడే. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం ఆయన హయాంలోనే వచ్చాయి. ఆయన మీద 2024లో హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చింది. చూడకపోతే చూడండి.