కోరమాండల్ తెరలు

ఐరోపా ప్రభువుల మేడలలోను, పెద్ద వస్తుప్రదర్శనశాలలలోను నల్లగా నిగనిగలాడు కొయ్యతెరలు, బీరువాలు కొన్ని కానవచ్చును. వాటికి కోరమాండల్ సామానని పేరు. కోరమాండల్ అనగా మన తూర్పుతీరమే. పేరు విన్నంతనే ఇవి మన పనివారు చేసినవని మనము సంతోషింతుము. కాని ఇవి చైనా దేశమున పుట్టినవి. మన తీరపు వర్తకముతో కలిసి సాగిన ఓడలలో పడమటికి పోయినందున ఈ పేరు వాటికి అంటుకొన్నది.

వీటిపై నుండు పూతను ఇంగ్లీషువారు ల్యాకరు అందురు. ఆ మాటయు మన లాక్షా శబ్దమునుండి పుట్టినదే. అయితే మన లక్క కొమ్మలపై నుండు పురుగు స్రవించునది. ఏటికొప్పాక బొమ్మలకు తరిమెనపై పట్టించునది అదియే. చైనావారి పూత పురుగునుండి వచ్చునది కాదు. ఒక చెట్టు పాలు. ఆ చెట్టు మన జీడి, మామిడి చెట్ల కుటుంబమునకు చెందినది. నల్లజీడి రసము తగిలిన ఒళ్లు పొక్కునని మన పల్లెవారందరు ఎరుగుదురు. ఈ పాలును అట్టివే. బెరడుపై గాట్లు పెట్టి, చుక్కలు చుక్కలుగా కారినదానిని పట్టుదురు. ఈ పూత ఎండలో ఆరునది కాదు, తేమగల గదిలో గట్టిపడును. పలుచని పూత ఒకటి వేసి, గట్టిపడనిచ్చి, నునుపుచేసి, దానిపై మరియొకటి వేయవలెను. మేలైన వస్తువునకు ఇట్టి పూతలు అనేకము కావలెను. ఒక్క తెరకు నెలల తరబడి శ్రమ పట్టును.

17వ శతాబ్దిలో చైనావారు చేసిన పెద్ద తెరలలో విశేషమైన పద్ధతి ఒకటి కలదు. దానికి క్వాన్‌త్సాయ్ అని పేరు. కొయ్యపలకపై దళసరిగా అడుగుపూత వేసి, దానిపై నల్లని ల్యాకరు పట్టింతురు. పిదప ల్యాకరును తొలిచి, ఏర్పడిన పల్లములను రంగులతోను, బంగారుతోను నింపుదురు. సాధారణముగా తెరకు 12 పలకలుండును. రాజసభ, కొండలు, తోటలు, పక్షులు మొదలగు చిత్రము పలకనుండి పలకకు తెగక సాగిపోవును. ఉన్నతోద్యోగుల జన్మదినములకు ఇట్టివి కానుకగా ఇచ్చుటయు కలదు. అట్టి తెరల వెనుక పుట్టినరోజు ప్రశంసను చెక్కుచుండిరి.

ఈ తెరలు ఐరోపాకు సముద్రమార్గమున చేరెను. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానమును నెలకొల్పిరి. 1640 నాటికి మద్రాసున కోట కట్టసాగిరి. జావాలోని బాంటమ్ రేవుద్వారా వచ్చుటచేత ఇంగ్లీషువారు ఈ పనిని మొదట బాంటమ్ పని యనిరి. తరువాత 18వ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకులు కోరమాండల్ అను పేరును వ్యాప్తికి తెచ్చిరి. రెండును రేవులకు సంబంధించిన పేర్లే. చేసినవాని ఊరు ఏ పేరునను లేదు.

కొన్నవారు వాటిని ఉన్నవి ఉన్నట్లు ఉంచుకొనలేదు. అక్కడి వడ్రంగులు తెరలను రంపముతో కోసి పెట్టెలకు, బల్లలకు, అద్దపు చట్రములకు అమర్చిరి. కొలతకు సరిపోయిన చాలును. బొమ్మ ఏమగునో చూడలేదు. ఇట్టి పనిలో మనుష్యులు, చెట్లు తలక్రిందులగుటను 1688లో స్టాకర్, పార్కర్ అను ఇంగ్లీషు గ్రంథకర్తలే తమ పుస్తకమున ఎగతాళి చేసిరి. నెదర్లాండ్సులోని లేవార్డెన్ రాజగృహమున 1695కు పూర్వమే ఒక గది గోడలను ఇట్లు కోసిన తెరలతో కప్పిరి. ఆ గది నేడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియమున ఉన్నది. తరువాత పారిస్ పనివారు పలక వెనుకనుండి కొయ్యను చిత్రిక పట్టి పలుచని రేకువలె చేసి, వంపు తిరిగిన బీరువాలకు అతికించిరి. చేతిపని నైపుణ్యమున అదియు తక్కువైనది కాదు. కాని తెరపై సాగిన కథ మాత్రము ముక్కలైనది.

ఇంతలో చైనావారును ఐరోపావారి అభిరుచికి తగిన సామాను చేయసాగిరి. కాంటన్ రేవున ఐరోపావారి మాదిరుల ప్రకారము బీరువాలు, కుర్చీలు, కుట్టుపని బల్లలు సిద్ధమయ్యెను. లండను చెంతనున్న ఆస్టర్లీ పార్కు మేడలో, తూర్పు ఇండియా కంపెనీతో సంబంధమున్న చైల్డ్ వంశమువారి చిహ్నముతో 18వ శతాబ్దిలో చేసిన చైనా ల్యాకరు సామాను ఉన్నది. 1757 తరువాత ఐరోపావారి సముద్ర వర్తకమంతయు కాంటన్‌కే పరిమితమయ్యెను. గాలి అనుకూలించినపుడే ఓడలు మరలవలెను గనుక పనివారు త్వరపడవలసివచ్చెను. పూతలు తగ్గెను, మన్నికయు తగ్గెను.

ఆ వస్తువులపై కొనిన ప్రభువు వంశచిహ్నము నేటికిని స్పష్టముగ కనబడును. పాలు తీసి పొక్కిన చేతులవారి పేర్లు మాత్రము సాధారణముగా ఎచ్చటను లేవు. మన తీరమువారికి ఈ అన్యాయము తెలియనిది కాదు. మచిలీపట్టణపు అద్దకపు బట్టలును పరదేశముల ఇండ్లను అలంకరించినవి. వాటిని అద్దినవారి పేర్లును అట్లే మరుగున పడినవి. కనుక కోరమాండల్ తెరను చూచినపుడు మనము గర్వింపవలసినది పేరునుబట్టి కాదు. చైనా పనివాని కీర్తిని అతనికే ఒప్పగించి, మన అద్దకపువాని కీర్తిని మనము వెదకికొనుట మేలు.