టికెట్ కొన్ననాడే బీమా కొనాలె

మన ఊర్ల పోరగాళ్లు ఇప్పుడు దేశం దాటి తిరిగొస్తున్నరు. ఒకప్పుడు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు విమానం ఎక్కినోళ్లంటే దుబాయికో మస్కట్‌కో పనికి పోయినోళ్లే. ఇప్పుడు నలుగురు దోస్తులు కలిసి ఏడాదంతా చిట్టి కట్టుకొని బ్యాంకాక్, బాలి, వియత్నాం చూసొస్తున్నరు. "గీళ్లకు పైసలు ఎక్కువైనయి" అని కొందరు పెద్దమనుషులు మూతి తిప్పుతరు. నేనైతే తప్పు పట్ట. లోకం చూసే హక్కు ఉన్నోళ్ల పిల్లలకే రాసిపెట్టి లేదు. నాట్లేసే తల్లి బిడ్డ, ఆటో నడిపే తండ్రి కొడుకు సముద్రం అవతల ఏమున్నదో చూస్తమంటే సంతోషమే.

కాకపోతే ఒక్కటి గమనిస్తున్న. టికెట్ ఎక్కడ అగ్గువకు దొరుకుతదని మూడు నెలలు ఫోన్ల వెతికేటోళ్లు, బీమా సంగతి మాత్రం ఎయిర్‌పోర్టుకు పోయే బండ్ల కూసున్నంక యాది చేసుకుంటరు. లేకుంటే టికెట్ బుక్ చేసే సైటుల ఒక డబ్బాల టిక్కు కొట్టి "అయిపాయె" అనుకుంటరు. రైలు టికెట్ కొనేటప్పుడు 45 పైసలకు వచ్చే బీమా అసొంటిదే ఇది కూడా అనుకుంటరు. ఇక్కడనే దెబ్బ తింటరు.

ఎందుకో చెప్త. మన దగ్గర జబ్బు చేస్తే ఆరోగ్యశ్రీ ఉన్నది. తెలంగాణల 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి 10 లక్షలు. రైతు చనిపోతే ఇంటిదానికి రైతు బీమా కింద 5 లక్షలు వస్తయి, ఆ ప్రీమియం సర్కారే కడ్తది. ఈ రెండు మనకు అలవాటైనయి. కని ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకొని బ్యాంకాక్ దవాఖానకు పోతే నడవది. అక్కడ ప్రైవేటు దవాఖానలు మొదలు డిపాజిట్ కట్టమంటయి, లేకుంటే బీమా కంపెనీ నుంచి హామీ కాయితం తెమ్మంటయి. కాలు విరిగి ఆపరేషన్ అయితే బిల్లు లక్షల్ల ఉంటది. ఉన్నోనికి అది తలనొప్పి. మనకు అది ఎకరం భూమి. బీమా పెద్దోళ్ల సోకు అనుకుంటరు గని, చేతుల పైస లేనోనికే అది ఎక్కువ అవసరం.

ట్రావెల్ పాలసీల ఏముంటదో ముందు తెలుసుకోవాలె. దవాఖాన ఖర్చు మొదటిది, అసలైంది. తర్వాత రోగిని ఇంకో దవాఖానకో, ఇండియాకో తరలించే ఖర్చు. చావు జరిగితే శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చు. ఈ మాట రాయాలంటే చెయ్యి రాదు, కని గల్ఫ్ పల్లెలల్ల పుట్టినోళ్లకు శవపెట్టె కోసం వారాల తరబడి ఎదురుచూసుడు అంటే ఏందో చెప్పే పని లేదు. వీటి మీదికెళ్లి పాస్‌పోర్టు పోవుడు, బ్యాగు పోవుడు, విమానం లేటయ్యుడు, ట్రిప్పే రద్దు అయ్యుడు. బీమా మొత్తం డాలర్లల్ల రాస్తరు, 50 వేల డాలర్లు, లక్ష డాలర్లు, గిట్ల. పాతికేండ్ల పిల్లగాడు వారం రోజులు థాయ్‌లాండ్ పోయొస్తే ప్రీమియం మామూలుగా వందలల్లనే ఉంటది. ఒక్కపూట బిర్యానీ పార్టీ ఖర్చు.

ఇగ అసలు ముచ్చట. పాలసీల రెండు గడియారాలు ఉంటయి. దవాఖాన ఖర్చుల గడియారం మీరు ఇండియా దాటినంక తిరుగుడు షురూ అయితది. ట్రిప్ రద్దు గడియారం మాత్రం మీరు పాలసీ కొన్ననాటి నుంచే తిరుగుతది. అంటే ఎట్ల? డిసెంబర్ ట్రిప్‌కు ఆగస్టుల టికెట్లు కొన్నరు. అక్టోబర్‌ల నాయినకు గుండెపోటు వచ్చింది, పోలేని పరిస్థితి. ఆగస్టులనే పాలసీ ఉంటే, అండ్ల ట్రిప్ రద్దు కవర్ ఉంటే, వాపస్ రాని టికెట్ పైసలు, హోటల్ పైసలు అడగొచ్చు. నవంబర్‌ల కొందమనుకున్నోనికి ఆ పైసలు పోయినట్టే. ప్రీమియం ఎన్ని రోజులు, ఏ దేశం, ఎంత వయసు అన్నదాని మీద కడ్తరు. అదే పాలసీని నాలుగు నెలల ముందు కొన్నా, పోయే ముందు రాత్రి కొన్నా ధరల పెద్ద తేడా ఉండది. ముందు కొంటే నాలుగు నెలల ధైర్యం అదనం.

ఇంకో కారణం ఉన్నది. ఆపద లోకానికి తెలిసినంక కొన్న పాలసీ ఆ ఆపదకు పనికిరాదు. 2010 ఏప్రిల్‌ల ఐస్‌లాండ్ దేశంల అగ్నిపర్వతం పేలి బూడిద మబ్బు లేస్తే, యూరప్ ఆకాశం దగ్గర దగ్గర వారం మూతపడ్డది. లక్ష దాకా విమానాలు రద్దయినయి. బూడిద లేసినంక పాలసీ కొన్నోళ్లు ఆ బూడిద పేరు మీద క్లెయిమ్ అడగలేరు. మన పంట బీమా కూడా గంతే గదా. రాళ్లవాన పడ్డంక ప్రీమియం కడ్తమంటే ఎవరూ తీసుకోరు. ఇల్లు అంటుకున్నంక బాయి తవ్వినట్టయితది.

అయితే ప్లానింగ్ ఎట్ల చేసుకోవాలె? ఆర్నెల్ల ముందు పాస్‌పోర్టు తీసి చూడుర్రి. చాలా దేశాలు మీరు దిగేనాటికి పాస్‌పోర్టుకు ఇంకా ఆర్నెల్ల గడువు ఉండాలంటయి. కొత్తది కావాలంటే 36 పేజీల దానికి మామూలు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. 2017 నుంచి పోస్టాఫీసులల్ల కూడా పాస్‌పోర్టు సేవా కేంద్రాలు పెట్టిండ్రు, ప్రతిదానికి హైదరాబాద్ ఉరికే పని లేదు. దళారికి వేలు పొయ్యకుర్రి, దరఖాస్తు ఫోన్ల మీరే పెట్టుకోవచ్చు. పాస్‌పోర్టు మీద పేరు, టికెట్ మీద పేరు, పాలసీ మీద పేరు ఒక్క అక్షరం తేడా లేకుండ ఉండాలె. మన ఇంటిపేర్లు ఒక కాడ ముందట, ఒక కాడ ఎనుక రాస్తరు, అక్కడనే గడబిడ అయితది.

నాలుగు నెలల ముందు వీసా రూల్ చూడుర్రి. యూట్యూబ్ వీడియో నమ్మకుర్రి, ఆ దేశం ఎంబసీ సైటుల చూడుర్రి, రూల్స్ మారుతుంటయి. యూరప్‌ల షెంజెన్ దేశాలకైతే బీమా లేకుంటే వీసానే ఇయ్యరు, కనీసం 30 వేల యూరోల వైద్య బీమా చూపియ్యాలె. ఆ వీసాకు ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, ఆలస్యమంటే 15 రోజుల ముందు దాకా. ఇంకో మాట యాదికుంచుకోవాలె. వీసా రిజెక్ట్ అయితే చాలా పాలసీలు టికెట్ పైసలు ఇయ్యవు. అందుకే వీసా డౌట్ ఉన్న దేశానికి వాపస్ వచ్చే టికెట్టే కొనుర్రి, రెండు మూడు వేలు ఎక్కువైనా సరే. పైసలు కట్టిన అదే రోజు, అదే కూర్చున్న జాగల పాలసీ తీసుకోవాలె.

ఫారం నింపేటప్పుడు నిజం రాయాలె. షుగర్, బీపీ, ఆస్తమా, పాత ఆపరేషన్ ఏదున్నా దాచొద్దు. ముఖ్యంగా అమ్మానాయినలను వెంట తీసుకపోయేటోళ్లు. ప్రీమియం నాలుగు వందలు పెరుగుతదని షుగర్ ముచ్చట దాస్తరు. అక్కడ దవాఖానల అడ్మిట్ చేసినప్పుడు డాక్టర్ "ఎన్ని ఏండ్ల నుంచి షుగర్?" అంటే అమ్మ అమాయకంగ "పదేండ్లు" అంటది. అది కేస్ షీట్‌ల ఎక్కుతది. కంపెనీకి గా ఒక్క లైను చాలు. ముందునుంచే ఉన్న జబ్బుకు పాలసీ ఏమిస్తదో, ఏమియ్యదో కొనకముందే రాతల తెలుసుకోవాలె. ఏజెంటు నోటిమాట క్లెయిమ్ నాడు సాక్ష్యం చెప్పది.

ఇగ ఇయ్యని వాటి జాబితా. పాలసీ కాయితంల చిన్న అక్షరాలల్ల ఉండేది ఇదే, మొదట చదవాల్సింది కూడా ఇదే. తాగి దెబ్బ తగిలించుకుంటే చాలా పాలసీలు పైస ఇయ్యవు. లైసెన్స్ లేకుండ బండి నడిపితే ఇయ్యవు. మన పోరగాళ్లు ఫుకెట్ దిగంగనే స్కూటీ కిరాయికి తీస్తరు. ఇక్కడ కారు లైసెన్స్ ఒక్కటే ఉన్నోడు అక్కడ బైకు నడిపితే లైసెన్స్ లేనట్టే లెక్క. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఏ ఆఫీసులనే ఇస్తరు, ఫీజు 1,000 రూపాయలు, ఏడాది పనిచేస్తది. పోయే దేశం దాన్ని ఒప్పుతదో లేదో కూడా అడగాలె. స్కూబా, పారాసెయిలింగ్ అసొంటి ఆటలకు చాలాసార్లు వేరే కవర్ కావాలె. యుద్ధం సాధారణంగ ఏ మామూలు పాలసీల ఉండది. 2022ల ఉక్రెయిన్ మీద యుద్ధం పడ్డప్పుడు మన పిల్లలను ఆపరేషన్ గంగ పేరు మీద సర్కారు తీసుకొచ్చింది, బీమా కంపెనీలు కాదు.

గల్ఫ్ ఊర్లోళ్లకు ఒక మాట గట్టిగ చెప్పాలె. "విజిట్ వీసా మీద పో, అక్కడ పనిల పెట్టిస్త" అని ఏజెంట్లు చెప్తరు. టూరిస్టు పాలసీ తిరిగేటోనికి రాసింది. పనిల పరంజ మీదికెళ్లి పడితే అది రక్షణ ఇయ్యది. పనికి పొయ్యేటోళ్లకు వేరే బీమా ఉన్నది, ప్రవాసీ భారతీయ బీమా యోజన. ప్రమాదంల చనిపోయినా, శాశ్వతంగ అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. ప్రీమియం రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. పదో తరగతి పాస్ కాక ఈసీఆర్ పాస్‌పోర్టు ఉండి, 18 దేశాల జాబితాల ఉన్న దేశానికి పనికి పొయ్యేటోనికి ఇది తప్పనిసరి. విజిట్ వీసా మీద దొంగచాటుగ పంపినోడు గా 275 రూపాయల రక్షణ కూడా మీ ఇంటోళ్లకు లేకుండ చేస్తున్నడని అర్థం చేసుకోవాలె.

ఆపద వస్తే ఏం చెయ్యాలె? పాలసీ మీద ఉన్న 24 గంటల నంబరుకు మొదలు ఫోన్ కొట్టాలె, అడ్మిట్ కాకముందే వీలైతే ఇంకా మంచిది. ప్రతి బిల్లు, ప్రతి రిపోర్టు దాచుకోవాలె. దొంగతనమైతే అక్కడి పోలీసు కాయితం, బ్యాగు రాకుంటే ఎయిర్‌పోర్టు దాటకముందే ఎయిర్‌లైన్ ఇచ్చే రిపోర్టు తీసుకోవాలె. పాలసీ కాపీ ఒకటి మీ ఫోన్ల, ఒకటి ఇంటికాడ అన్నకో అక్కకో వాట్సాప్‌ల ఉండాలె. మీకు సోయి లేనప్పుడు ఫోన్ చెయ్యాల్సింది వాళ్లే. చెయ్యి దాటిపోతే భారత ఎంబసీ తలుపు తట్టాలె. 2009ల పెట్టిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఎంబసీల దగ్గర ఉంటది, దిక్కులేని పరిస్థితిల ఉన్నోళ్లకు దాని నుంచి సాయం చేస్తరు.

క్లెయిమ్ కొట్టేస్తే ఊకోవద్దు. ముందు కంపెనీకే రాతపూర్వకంగ ఫిర్యాదు పెట్టాలె. నెల దాకా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా, ఏడాది లోపల హైదరాబాద్‌ల ఉన్న బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల దాకా కేసులు వింటరు. బీమా కంపెనీల మీద కావలి కాసే ఐఆర్‌డీఏఐ హెడ్డాఫీసు కూడా హైదరాబాద్‌లనే ఉన్నది. దాని నంబరు 155255, బీమా భరోసా సైటుల కూడా ఫిర్యాదు ఎయ్యొచ్చు.

కంపెనీలు పుణ్యానికి నడుస్తలేవు, అది నాకూ తెలుసు. తెలుగోళ్ల దగ్గర ప్రీమియం తీసుకునేటప్పుడు తెలుగుల ఫోన్ చేస్తరు, పాలసీ కాయితం మాత్రం ఎవరికీ అర్థం కాని ఇంగ్లిషుల పంపుతరు. ఏమిస్తరో, ఏమియ్యరో ఒక్క పేజీల మన భాషల రాసియ్యుమని అడుగుడు మన హక్కు. అడిగేటోళ్లు పెరిగితేనే అది వస్తది. అప్పటిదాకా మీ దోస్తులల్ల ఇంగ్లిషు చదివేటోన్ని కూసోబెట్టి, ఇయ్యని వాటి జాబితా గట్టిగ చదివించుకోర్రి. టికెట్ బుక్ చేసిన సాయంత్రమే ఆ పని చెయ్యుర్రి. తర్వాత ఏ బీచ్‌కు పోవాలె, ఏం తినాలె అన్నది నిమ్మళంగ మాట్లాడుకోవచ్చు.