ఇంటి విద్యుత్తుతో వాహన ప్రయాణం: పెట్రోలు వ్యయంతో పోలిక

హైదరాబాద్: విద్యుత్ వాహనాన్ని ఇంటి వద్దనే చార్జింగ్ చేసుకునే కుటుంబానికి కిలోమీటరుకు ఎంత ఖర్చవుతుందన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. పెట్రోలు మొదటి లీటరుకైనా, పదవ లీటరుకైనా ధర ఒక్కటే. ఇంటి విద్యుత్తు విషయంలో అట్లా కాదు. వాహనానికి వాడే యూనిట్ ధర, ఆ ఇంట్లో అప్పటికే ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయన్న దానిపై ఆధారపడి ఉంటుంది. తెలంగాణ టారిఫ్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది.

టారిఫ్ స్వరూపం

రాష్ట్రంలో 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, 2024-25లోనూ కొనసాగిన గృహ టారిఫ్ ప్రకారం నెలకు 100 యూనిట్ల లోపు వాడే వారికి మొదటి 50 యూనిట్లకు యూనిట్‌కు రూ.1.95, తదుపరి 50 యూనిట్లకు రూ.3.10 వంతున ఎనర్జీ చార్జీలు వర్తిస్తాయి. వాడకం 100 దాటి 200 లోపు ఉన్నట్లయితే మొదటి 100 యూనిట్లకు రూ.3.40, ఆపైన రూ.4.80 వంతున చెల్లించాలి. వాడకం 200 దాటినట్లయితే మొదటి 200 యూనిట్లకూ రూ.5.10, 201 నుంచి 300 వరకు రూ.7.70, 301 నుంచి 400 వరకు రూ.9.00 వంతున బిల్లు వేస్తారు. అనగా 100 లేక 200 యూనిట్ల హద్దు దాటినప్పుడు అదనపు యూనిట్లకే గాక, అంతకుముందు వాడిన యూనిట్లకు కూడా ధర పెరుగుతుంది. స్థిర చార్జీలు, కస్టమర్ చార్జీలు, విద్యుత్ సుంకం వీటికి అదనం. ఈ వ్యాసంలోని లెక్కలు ఎనర్జీ చార్జీలకే పరిమితం.

ద్విచక్ర వాహనం లెక్క

విద్యుత్ స్కూటర్‌కు చార్జింగ్‌లో కలిగే నష్టంతో సహా 100 కిలోమీటర్లకు మీటరుపై సుమారు 3 యూనిట్లు నమోదవుతాయనుకుంటే, నెలకు 1,000 కిలోమీటర్లకు 30 యూనిట్లు అవసరం. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు స్కూటర్‌కు అదే దూరానికి 22 లీటర్లకు పైగా కావాలి. 2024 మార్చి 15న ధర తగ్గించిన తరువాత హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు రూ.107.41 ఉండేది. ఆ ధరపై నెల ఖర్చు సుమారు రూ.2,387 అవుతుంది.

నెలకు 120 యూనిట్లు వాడే ఇంట్లో ఈ 30 యూనిట్లు కలిసినప్పుడు అదనపు భారం రూ.144 మాత్రమే. 200 యూనిట్ల వద్ద ఉన్న ఇంట్లో పరిస్థితి వేరు. బిల్లు రూ.820 నుంచి రూ.1,251కి చేరుతుంది. పెరుగుదల రూ.431, అనగా వాహనానికి వాడిన ఒక్కొక్క యూనిట్‌కు రూ.14కు పైగా పడినట్లు లెక్క. అయినప్పటికీ పెట్రోలు ఖర్చులో ఇది అయిదవ వంతు కన్నా తక్కువే.

కారు విషయంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు తీసుకునే కారు నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే 150 యూనిట్లు అవసరం. అప్పటికే 250 యూనిట్లు వాడుతున్న ఇంటికి ఎగువ శ్లాబులలో అదనంగా పడేది రూ.1,285. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు సుమారు రూ.7,161 ఖర్చవుతుంది.

ఇంతటి వ్యత్యాసానికి యంత్ర స్వభావమే ముఖ్య కారణం. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్లకు సమానమైన శక్తి ఉన్నప్పటికీ, అందులో అధిక భాగం ఇంజనులో వేడిగా వృథా అవుతుంది. విద్యుత్ మోటారు తాను తీసుకున్న శక్తిలో అధిక భాగాన్ని చక్రాలకు అందిస్తుంది.

గృహజ్యోతి లబ్ధిదారులు గమనించవలసిన అంశం

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన గృహజ్యోతి పథకం కింద ఆహార భద్రత కార్డు గల అర్హ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తుంది. వాడకం ఆ పరిమితి దాటిన నెలలో మొత్తం బిల్లు చెల్లించవలసి ఉంటుంది.

190 యూనిట్లు వాడే లబ్ధిదారు కుటుంబం స్కూటర్‌పై నెలకు 400 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. అందుకు 12 యూనిట్లు కావాలి. వాడకం 202కు చేరగానే సున్నా బిల్లు స్థానంలో రూ.1,035.40 చెల్లించాలి. అదే దూరానికి పెట్రోలు ఖర్చు సుమారు రూ.955. అనగా ఆ నెలలో విద్యుత్ స్కూటరే ఖరీదైనదవుతుంది. అదే కుటుంబం 150 యూనిట్ల వాడకంతో ఉన్నట్లయితే వాహన ప్రయాణానికి విద్యుత్ ఖర్చు ఏమీ ఉండదు.

ఈ ఇబ్బందిని నివారించే మార్గం ఇంట్లోనే ఉన్నది. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాను స్థానంలో 35 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను అమర్చి రోజుకు 10 గంటలు వాడినట్లయితే నెలకు 12 యూనిట్లు ఆదా అవుతాయి. పై ఉదాహరణలోని స్కూటర్‌కు కావలసినవి సరిగ్గా అన్నే యూనిట్లు.

వాహన చార్జింగ్ కొరకు వినియోగదారులు విడిగా కనెక్షన్ పొందే వీలును కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమావళికి చేసిన సవరణ ద్వారా కల్పించింది. అయితే దానికి వర్తించే టారిఫ్ శ్రేణిని, స్థిర చార్జీలను సంబంధిత పంపిణీ సంస్థ కార్యాలయంలో ముందుగా తెలుసుకొని లెక్క చూసుకోవడం అవసరం.

వాహనం కొనుగోలు ధర, బ్యాటరీ మార్పిడి, బీమా వంటి ఖర్చులు ఈ పోలికలో చేర్చబడలేదు. నడిపే ఖర్చు వరకు చూసినట్లయితే అత్యధిక కుటుంబాలకు విద్యుత్తే లాభదాయకం. వాహనం కొనదలచిన వారు గత పన్నెండు నెలల బిల్లులను, ముఖ్యంగా వేసవి నెలల వాడకాన్ని పరిశీలించి, తాము 100, 200 యూనిట్ల హద్దులకు ఎంత దూరంలో ఉన్నారో నిర్ధారించుకోవడం మేలు.