ఉడతకు టార్గెట్ పెట్టని రాముడు

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో సత్యసాయి నిగమాగమం అనగానే చాలామందికి పెళ్ళి భోజనమే గుర్తొస్తుంది. పేరులోని సాయి గుర్తొచ్చేది తెల్లబట్టలు వేసుకుని, మెడలో స్కార్ఫుతో సేవాదళ్ వాళ్ళు గేటు దగ్గర నిలబడ్డ రోజునే. వాళ్ళకు పలకరింపూ పిలుపూ ఒకటే. ‘సాయిరాం, చెప్పులు ఇటు పెట్టండి.’ ‘సాయిరాం, పెద్దావిడకు కాస్త దారివ్వండి.’

వీళ్ళలో బ్యాంకు ఆఫీసర్లుంటారు, లెక్చరర్లుంటారు, రిటైరైన ఇంజనీర్లుంటారు. ఆఫీసుకు సెలవు పెట్టి, సొంత ఖర్చుతో పుట్టపర్తి వెళ్ళి, క్యాంటీన్లో పళ్ళేలు కడిగి వస్తారు. ఆ చేతులే సోమవారం నాడు ‘ఇది నా సీటు కాదు’ అంటూ ఫైలు పక్కకు తోస్తాయా? మనిషి ఒకడే అయినప్పుడు అక్కడ లేని బద్ధకం ఇక్కడ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ సందేహం నాకు పాతది.

భక్తి అనేస్తే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. 1990 నవంబరులో తన పుట్టినరోజున సత్యసాయిబాబా, ఏడాదిలో పుట్టపర్తిలో పెద్దాసుపత్రి లేస్తుందన్నారు. 1991 నవంబరు 22న ప్రధాని పి.వి. నరసింహారావు దాన్ని ప్రారంభించారు. గుండె ఆపరేషన్‌కైనా రోగి దగ్గర పైసా పుచ్చుకోరు. హార్డ్ రాక్ కెఫే స్థాపకుల్లో ఒకరైన ఐజాక్ టిగ్రెట్ దానికి భారీ విరాళం ఇచ్చారు. ‘అందరినీ ప్రేమించు, అందరినీ సేవించు’ అన్న బాబా మాటే ఆ కెఫేల గోడల మీద నినాదమైంది. మనకు కూతవేటు దూరంలో జీవీకే మాల్‌లో ఆ కెఫే తెరిచినప్పుడు అందులో గిటార్లు చూసినవాళ్ళెందరో, ఆ మాట పుట్టపర్తిదని తెలిసినవాళ్ళెందరో!

తర్వాత 1995లో అనంతపురం తాగునీటి పథకం మొదలైంది. రెండేళ్ళు తిరగకుండానే 700 పైచిలుకు ఊళ్ళకు పైపులు వేశారు. ఆ పని చేసింది సేవాదళ్ కాదు, ఎల్ అండ్ టీ, అంటే నెలజీతాల మనుషులు. 1999లో తపాలా శాఖ దీని మీద బిళ్ళ కూడా వేసింది. బాబా మహిమల మీద వాదాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. నేను వాటి జోలికి పోను. నీళ్ళ మీద మాత్రం వాదం లేదు.

జీతానికి మించి చేసే ఈ పనిని పండితులు ఊరికే వదల్లేదు. అమెరికాలో డెనిస్ ఆర్గన్ 1988లో దీని మీద పుస్తకమే రాశాడు. ఎవరూ అడగనిది, చేయకపోతే ఎవరూ తప్పుపట్టలేనిది, చేస్తే నేరుగా బహుమతి రానిది ఏదో అదే అసలైన అదనపు పని అన్నాడు. 2003లో లూయిస్ ఫ్రై ఆధ్యాత్మిక నాయకత్వమనే సిద్ధాంతం తెచ్చాడు. ‘ఈ పని కోసమే పుట్టాను’, ‘వీళ్ళు నా వాళ్ళు’ అని ఉద్యోగికి అనిపించాలట. మన అవ్వలు దీన్నే ఉడతాభక్తి అన్నారు. వారధి కట్టేటప్పుడు ఉడతకు రాముడు టార్గెట్ పెట్టలేదు. ఇసుక ఎంత మోసిందో తూచలేదు. ఒళ్ళు నిమిరాడు, అంతే.

మదురైలో డాక్టర్ వెంకటస్వామి చేసిందీ ఇలాంటిదే. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర తిరిగినా కత్తి పట్టడం మళ్ళీ నేర్చుకున్న కంటి డాక్టరు. ప్రభుత్వోద్యోగం విరమించాక, 58వ ఏట, 1976లో పదకొండు పడకలతో ఆసుపత్రి తెరిచి, తాను నమ్మిన శ్రీ అరవిందుల పేరు పెట్టారు. పల్లెల ఆడపిల్లల్ని తెచ్చి తర్ఫీదు ఇచ్చారు. ఇవాళ ఆ సంస్థ లక్షల ఆపరేషన్లు చేస్తోందంటే సగం బలం ఆ పిల్లలదే. పెద్దాయన వేళ్ళు చూశాక ‘నా డ్యూటీ అయిపోయింది’ అనడానికి ఎవరికి నోరొస్తుంది?

సరిగ్గా అక్కడే నాకు భయం వేస్తుంది. ఆ నోరు రాకపోవడాన్ని వాడుకునేవాళ్ళూ ఉంటారు. నేను పనిచేసిన ఒక కంపెనీలో శనివారం ఉదయం ధ్యానం పెట్టేవారు. ‘మనమంతా ఒక కుటుంబం’ అంటూ కళ్ళు మూసుకోమనేవారు. తెరిచేసరికి హాజరుపట్టీ చేతికొచ్చేది. రాత్రి పదింటిదాకా కూర్చున్నవాడికి అప్రైజల్లో మార్కులు పడేవి. బాస్ గదిలో లైటు ఆరేదాకా కీబోర్డు టకటకలాడించడం మేమూ నేర్చుకున్నాం. జీతాలు పెంచే నెలలో మాత్రం ఆ కుటుంబం వేరుపడిపోయేది.

మనసుతో చేసే పనికీ, మెడ వంచి చేయించే పనికీ ఉన్న ఈ తేడా తెలంగాణ గడ్డ మీద ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కూలి లేని పనికి ఇక్కడ వెట్టి అని పేరుంది. 1946లో రాజుకున్న సాయుధ పోరాటానికి అదీ ఒక నిప్పురవ్వ. దొర గడీలో అంట్లు తోమినా, ఆశ్రమంలో అంట్లు తోమినా గిన్నె అదే, బూడిద అదే. గడీలో ‘ఇవాళ రాలేను’ అనడానికి లేదు.

మొన్న నిగమాగమంలో కార్యక్రమం అయ్యాక కుర్చీలు మడుస్తున్నారు. సగం పని మిగిలే ఉంది. ఒకాయన స్కార్ఫు తీసి జేబులో పెట్టుకున్నాడు. ‘సాయిరాం, నాకు బస్సు టైమైంది.’ ‘వెళ్ళిరండి సాయిరాం’ అన్నాడు పక్కాయన, ఆయన చేతిలోని కుర్చీ కూడా తనే అందుకుంటూ.