పాత దెబ్బకి గోడకుర్చీ

తొలి ఏకాదశి తిరునాళ్ళకి వినుకొండ కొండెక్కే కుర్రోళ్ళని చూడండి. ఎక్కేటప్పుడు అందరూ ఒకేరకంగా ఎక్కుతారు. దిగేటప్పుడు తెలిసిపోద్ది, ఎవరి మోకాలికి పాత దెబ్బ ఉందో. ఒక కాలు కింద మెట్టు మీదేసి, రెండోది దాని పక్కకి తెచ్చి, మళ్ళీ అదే కాలు ముందేసి, చంటిపిల్లోడి మాదిరి దిగుతుంటాడు. ఏందిరా అంటే "ఏం లేదన్నా, ఎప్పుడో సంక్రాంతి కబడ్డీలో పట్టింది" అంటాడు. ఎప్పుడో అంటే మూడేళ్ళు, ఐదేళ్ళు. ఆ మోకాలితోనే బండి తోల్తాడు, మందు డబ్బా ఈపుకేసుకుని మిరప చేలో తిరుగుతాడు, సీజన్లో టిక్కీలు లారీకెత్తుతాడు.

ఇట్టాంటోళ్ళు ఊరికి పది మంది ఉంటారు. కబడ్డీ ఒక్కటే కాదు. బైకు మీదనుంచి జారినోళ్ళు, గట్టు మీద కాలు మడత పడినోళ్ళు, బస్తా దించేటప్పుడు భుజం జారినోళ్ళు. గుంటూరో నరసరావుపేటో పోతే స్కానింగ్ రాస్తారు, లిగమెంటు తెగింది ఆపరేషన్ చేయాల అంటారు. లెక్క చూస్తే ఎకరం మిరప పెట్టుబడి అంత అవుద్ది. ఇంటికొచ్చేస్తారు. ఇంక అక్కడితో ఆ కాలి కథ అయిపోయిందనుకుంటారు. నేను రాసేది వాళ్ళ కోసం. ఆపరేషన్‌కి డబ్బుల్లేకపోతే వైద్యమే లేనట్టు కాదు. అసలు వైద్యంలో పెద్ద భాగం కసరత్తే. అది డబ్బున్నోడికీ తప్పదు.

నాకూ ఉంది పాత దెబ్బ. ఇరవై రెండేళ్ళప్పుడు కుడి మోకాలు తిరిగింది. మా ఊరి డాక్టరు (ఆర్‌ఎంపీనే మనకి డాక్టరు) నొప్పి సూది పొడిచి "కాలు కదపమాక" అన్నాడు. నేను మూడు నెలలు కదపలా. నొప్పి తగ్గింది గానీ నడుస్తా ఉంటే మోకాలు ఉన్నట్టుండి జారిపోయేది. ఓ రోజు లుంగీ ఎగగట్టి రెండు తొడలూ దారంతో కొలిచి చూసుకుంటే కుడి తొడ రెండేళ్ళ మందం సన్నబడి ఉంది. దెబ్బ తగిలింది మోకాలికి, ఎండిపోయింది తొడ. నాకు అర్థం కావటానికి చాలా ఏళ్ళు పట్టింది. మీకు అన్నేళ్ళు పట్టకూడదు.

ఎట్టా జరుగుద్ది అది? మోకాలు అంటే పెళ్ళి పందిరి అనుకోండి. గుంజల్ని నిలబెట్టేది తాళ్ళు. లిగమెంట్లు కొన్ని తాళ్ళు, తొడ కండలు, పిక్క కండలు ఇంకొన్ని తాళ్ళు. ఒక తాడు తెగితే మనం పందిరి పీకేస్తామా? మిగతా తాళ్ళు ఇంకా బిగించి కడతాం. కండని బలం చెయ్యటం అంటే అదే. కానీ ఒళ్ళు దానంతటది ఆ పని చెయ్యదు, తిరకాసు పని చేసుద్ది. మోకాల్లో నీరు చేరితే, మెదడు తొడ ముందు కండని సగం ఆపేసుద్ది. నొప్పి తగ్గినా కూడా అది మళ్ళీ పూర్తిగా లేవదు. మనమే లేపాల. కూర్చోబెట్టే కొద్దీ ఎండుద్ది, ఎండే కొద్దీ కాలు జారుద్ది, జారే కొద్దీ లోపల గుజ్జు నలుగుద్ది.

గుజ్జు మాట కూడా చెప్పుకోవాల. "గుజ్జు అరిగింది, ఇంక నడవమాక" అంటారు మన కాడ. గుజ్జులోకి రక్తనాళాలు ఉండవు. కీలులో ఉండే జిగురు నీళ్ళే దానికి తిండి. కాలు మీద బరువు పడి, తీసి, పడి, తీసి, స్పంజి పిండినట్టు పిండితేనే ఆ నీళ్ళు లోపలికి పోతయ్. కదలని మోకాలికి తిండి లేదు. "గుజ్జు పెరిగే బిళ్ళలు" అని నెలకి వేలు పెట్టి కొంటారు చూడండి, గ్లూకోజమీన్. కీళ్ళ అరుగుదలకి దాన్ని ఇవ్వొద్దని బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు 2022లో తేల్చి చెప్పినయ్. అదే మార్గదర్శకాల్లో మొదటి వైద్యం ఏమని రాసిందంటే, కసరత్తు.

ఇదేదో డబ్బుల్లేనోళ్ళని ఓదార్చటానికి చెప్తున్న మాట అనుకుంటారేమో. స్వీడన్‌లో 121 మంది కుర్రోళ్ళ మీద, 18 నుంచి 35 ఏళ్ళ వాళ్ళ మీద, ఒక పరీక్ష చేసి 2010లో బయటపెట్టారు. అందరికీ మోకాలి ముందు లిగమెంటు కొత్తగా తెగింది. సగం మందికి వెంటనే ఆపరేషన్ చేసి కసరత్తు చేయించారు. మిగతా సగానికి ముందు కసరత్తే, అవసరమైతేనే తర్వాత ఆపరేషన్. రెండేళ్ళకి చూస్తే నొప్పిలో, ఆటలో, రోజువారీ పనిలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కసరత్తుతో మొదలెట్టిన 59 మందిలో 23 మంది ఈ లోపల ఆపరేషన్‌కి పోయారు, 36 మందికి ఆ అవసరం పడలా. అంటే అందరికీ ఆపరేషన్ వద్దని కాదు. కొంతమందికి కావాలి, నిజం. కానీ ఆ 36 మందిలో మీరు ఉంటారో లేదో తెలియాలంటే ముందు నాలుగు నెలలు కసరత్తు చెయ్యాల.

మన జిల్లాల పిల్లోడి సంగతే చూడండి. పుల్లెల గోపీచంద్ పుట్టింది ప్రకాశం జిల్లా నాగండ్ల (ఇప్పుడది బాపట్ల జిల్లా). 1994లో ఆడుతుండగా మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్లు అయినయ్, నిజమే. కానీ ఆపరేషన్ చేసినంత మాత్రాన ఎవరూ ఎగరరు. ఏళ్ళ తరబడి చేసిన కసరత్తు మీద నిలబడి 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. సర్జన్ తాడు కట్టగలడు, తొడకి బలం ఇవ్వలేడు.

సరే, చేసేదేంది? మన బడిలో అయ్యవార్లు వేసిన శిక్షలు గుర్తున్నయ్ గదా. అందులో సగం ఫిజియోథెరపీనే, వాళ్ళకి తెలియదు గానీ.

మోకాలికి మొదటిది కూర్చుని చేసేది. కాలు చాపి, మోకాలి కింద తువ్వాల చుట్ట పెట్టి, చుట్టని నేలకేసి అదుముతా తొడ బిగబట్టండి. ఐదారు అంకెలు లెక్కపెట్టి వదలండి. పది సార్లు. తొడ గట్టిపడుతోందా లేదా చేత్తో పట్టి చూడండి. మొదట్లో బిగుసుకోదు, విసుగొచ్చుద్ది, ఆ నిద్రపోయిన కండ లేస్తా ఉంటది. రెండోది, వెల్లకిలా పడుకుని బాగున్న కాలు మడిచి, దెబ్బ కాలు తిన్నగా మూరెడు ఎత్తు లేపి ఐదు అంకెలు ఆపి దించటం. వారం, రెండు వారాలకి ఇది తేలికైతే అప్పుడు గోడకుర్చీ. గోడకి ఈపు ఆనించి కిందకి జారండి. బడిలో వేసినంత కిందకి వద్దు, సగం చాలు. ఇరవై అంకెలు ఆగండి, లేవండి, ఐదు సార్లు. తర్వాత ప్లాస్టిక్ కుర్చీలోనుంచి చేతులు ఆనకుండా లేచి, నిదానంగా కూర్చోవటం. లేవటం కంటే కూర్చోవటంలోనే ఉంది కిటుకు. కొండ దిగేటప్పుడు మోకాలు నొచ్చేది ఎందుకంటే, దిగేటప్పుడు తొడ కండే బ్రేకు. కూర్చునేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడతా దిగితే ఆ బ్రేకు బలపడుద్ది. ఇది కుదిరాక ఇంటి అరుగు ఎక్కి దిగటం, ఆ తర్వాత గుంజీళ్ళు. అప్పటిదాకా మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. చంటిపిల్లోడి నడక అన్నా గదా, అది తప్పు కాదు, దాంట్లోనే ఆగిపోవటం తప్పు.

చీలమండ అయితే ఇంకో సంగతి ఉంది. ఒకసారి మడత పడిన కాలు మళ్ళీ మళ్ళీ అదే కాలు మడత పడుద్ది, గమనించారా? దిష్టి కాదది. కాలు ఎటు వంగిందో మెదడుకి చెప్పే నరాల కబురు దెబ్బతో మందగించుద్ది. గట్టు మీద రాయి తగిలినప్పుడు కబురు ఆలస్యంగా పోద్ది, ఈలోపల కాలు పడిపోద్ది. దానికి మందు పొద్దున్నే పళ్ళు తోముకునేటప్పుడు దెబ్బ కాలి మీద ఒంటికాలిపై నిలబడటం. అరనిమిషం కదలకుండా ఉండగలిగితే కళ్ళు మూసుకుని ఉండండి. ఆమడ దూరం తేడా తెలుసుద్ది. దాంతోపాటు గోడ పట్టుకుని మడమలు లేపి మునివేళ్ళ మీద లేవటం, పదిహేను సార్లు.

భుజానికి పాత సైకిల్ ట్యూబు ఉంటే చాలు. అడ్డంగా కోసి ఒక కొస తలుపు గొళ్ళేనికి కట్టండి. మోచేయి నడుముకి ఆనించి, చంకలో తువ్వాల ముక్క పెట్టుకుని, ట్యూబుని బయటకి లాగండి. మెల్లగా వదలండి. అటు తిరిగి లోపలికి లాగండి. పదిహేను చొప్పున. పెద్ద కండలు చూసి మురిసిపోతాం గానీ భుజం కీలుని గుంటలో పట్టి ఉంచేది లోపలున్న చిన్న కండలు, ఇది వాటి కోసం. భుజం ఒకసారి ఊడినోళ్ళు మాత్రం చెయ్యి పైకెత్తి వెనక్కి వంచే పని ఏదీ చెయ్యమాకండి.

ఇవి వారానికి మూడు నాలుగు రోజులు. ఒంటికాలి నిలబాటు రోజూ. తేలికైనప్పుడల్లా కొంచెం పెంచాల, లేకపోతే కండకి పెరగాల్సిన అవసరం ఏముంది? బట్టలో ఇసుక మూట కట్టి కాలికి చుట్టుకోవచ్చు. నెలన్నర దాకా పెద్ద తేడా కనపడదు, మూడు నెలలకి కనపడుద్ది. మానేస్తే పోద్ది కూడా.

నొప్పి ఎంత ఓర్చుకోవాల? నేను రూపాయి లెక్క పెట్టుకుంటా. చేసేటప్పుడు పావలా నొప్పి ఉంటే చెయ్యొచ్చు. అర్ధరూపాయి దాటితే తగ్గించాల. రేపు పొద్దున లేచేసరికి నిన్నటి స్థాయికి రావాల. పొద్దున వాపు కనపడితే నిన్న ఎక్కువ చేసినట్టు, రెండు రోజులు ఆగి సగం నుంచి మొదలెట్టండి. నొప్పి రాగానే "లోపల ఏదో తెగింది" అని మానేసేవాళ్ళే ఎక్కువ. పాత దెబ్బలో నొప్పి అంటే ప్రతిసారీ కొత్త నష్టం కాదు.

అసలు పొలం పని చేసేవాళ్ళకి మళ్ళీ కసరత్తు ఎందుకు అని మా అమ్మే అడిగింది. న్యాయమైన ప్రశ్న. పత్తి తీసే అమ్మ పొద్దంతా వంగే ఉంటది. అదే నడుము, అదే మోకాలు, అదే భంగిమ. అలిసినా ఆపటానికి లేదు, కూలి కిలోల లెక్కన. బరువు ఎంతో తను నిర్ణయించదు. కసరత్తులో ఎంత, ఎప్పుడు, ఎప్పుడు ఆపాల అనేది మనిషి చేతిలో ఉంటది. పని కండని అరగదీసుద్ది, కసరత్తు పెంచుద్ది. కాబట్టి అబ్బాయిలూ, మీరు చేసేదే ఇంట్లో అమ్మకీ నేర్పండి. కుర్చీలోనుంచి లేచి కూర్చోవటం ఆమెకీ పనికొచ్చుద్ది. ఆ పది నిమిషాలు ఆ గిన్నెలు మీరు తోమండి.

సూది మందు సంగతి కూడా తేల్చుకుందాం. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు పశువులకి వాడితే, ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై దేశమంతా చచ్చిపోయినయ్. 2006లో పశువులకి దాన్ని నిషేధించారు. మనిషి ఒళ్ళూ రాబందు ఒళ్ళూ ఒకటి కాదు, ఒకటి రెండు రోజులు వాడితే చాలామందికి ఏమీ కాదు. కానీ ఎండలో నీళ్ళు తాగకుండా పని చేస్తా, నెలల తరబడి ఇట్టాంటి బిళ్ళలు మింగితే మన మూత్రపిండాలకీ ముప్పే. ఇంక "పవర్ సూది" అని స్టెరాయిడ్ పొడిచేవాళ్ళుంటారు. నొప్పి మాయమైద్ది, ఆ ధైర్యంతో బస్తా ఎత్తుతాడు. పేరు రాయని మందు ఒంట్లోకి పోనివ్వమాకండి, చీటీ అడగండి.

ఐసు పెట్టి కదలకుండా పడుకోమనే సలహా పుట్టింది అమెరికాలో, గేబ్ మిర్కిన్ అనే డాక్టరు 1978లో రాశాడు. ఆయనే 2014లో, పూర్తి విశ్రాంతీ ఐసూ మానటాన్ని ఆలస్యం చేస్తయ్యేమో అని తన మాట వెనక్కి తీసుకున్నాడు. చెప్పిన మాట తప్పని ఒప్పుకున్న డాక్టరంటే నాకు గౌరవం.

కసరత్తుతో ఆగకూడని సందర్భాలు ఉన్నయ్. కొత్త దెబ్బ తగిలి నాలుగు అడుగులు కూడా వెయ్యలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే. మోకాలు మధ్యలో ఇరుక్కుని చాపటానికి రాకపోతే లోపల గుజ్జు ముక్క అడ్డం పడి ఉండొచ్చు. కీలు వేడెక్కి ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాల, అప్పు చేసైనా. పిక్క ఒకటే వాచినా అంతే. కట్టు కట్టించుకుంటే వేళ్ళు నల్లబడటం, తిమ్మిరెక్కటం చూసుకోండి, ఆ కట్టు వెంటనే విప్పించాల, కట్టినోడు పుత్తూరు పేరు చెప్పినా సరే. ఇంకోటి, మన పక్కన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతంలో నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. ఎముకల ఫ్లోరోసిస్ గురించి అప్పటి నెల్లూరు జిల్లా నుంచే 1937లో డాక్టర్లు రాశారు. దెబ్బ లేకుండా మెడ, నడుము, కీళ్ళు అన్నీ కలిసి బిగుసుకుపోతుంటే గోడకుర్చీ కాదు, ముందు తాగే నీళ్ళు పరీక్ష చేయించాల.

ఇదంతా రాసి, ప్రభుత్వాన్ని వదిలేశానని అనుకోమాకండి. ఆ స్వీడన్ కుర్రోళ్ళ పక్కన కసరత్తు నేర్పే మనిషి ఉన్నాడు, మన పక్కన లేడు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినకాడ్నుంచి పేదోడి వైద్యం అంటే కార్డు, ఆపరేషన్, పెద్దాసుపత్రి అన్నట్టే నడుస్తోంది. కత్తికి డబ్బులు కదులుతయ్, కాలు పట్టుకుని "ఇట్టా లేపు, ఇంత లేపు" అని నేర్పే ఫిజియోథెరపిస్టుకి కదలవు. పల్నాడు కొత్త జిల్లా అయింది 2022లో. మండలానికి ఒక ఫిజియోథెరపిస్టు, వారానికి ఒక రోజు పీహెచ్‌సీలో. అడగాల్సిన మాట ఇంతే, దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ఒక చాప, ఒక గోడ చాలు. వచ్చే గ్రామసభలో అర్జీ ఇస్తున్నాం. సంక్రాంతి పందేలు పెట్టే కమిటీలోళ్ళు కూడా సంతకం పెట్టాల, మోకాళ్ళు విరిగేది వాళ్ళ కోర్టులోనే గదా.