సముద్రము దాటిన డీజే

పెండ్లి బరాత్‌కు, వినాయక నిమజ్జనపు ఊరేగింపునకు, కళాశాల వార్షికోత్సవమునకు డీజే లేనిదే సందడి లేదను భావము మన పట్టణములలోనే గాక పల్లెలలోను స్థిరపడి చాలకాలమైనది. ఈ విద్యలో చేయితిరిగిన యువకులకు ఇప్పుడు డాలస్ నుండియు, న్యూజెర్సీ నుండియు, లండన్ నుండియు పిలుపులు వచ్చుచున్నవి. పిలిచినవారు విమానపు టిక్కెట్టు పంపుదురు. వెళ్లువాడు లాప్‌టాపును, కంట్రోలరును, హెడ్‌ఫోనులను పెట్టెలో సర్దుకొనును. ఆ ప్రయాణముతో తాను ఏకకాలమున మూడు చట్టముల ఏలుబడిలోనికి పోవుచున్నానని, అందు ఒకటి మనిషిని గూర్చినదనియు, ఒకటి పాటను గూర్చినదనియు, మరియొకటి ఆ పాట మ్రోగు స్థలమును గూర్చినదనియు అతడు గాని, అతనిని పిలిచినవారు గాని తలపోయుట అరుదు. పాటను గూర్చిన చట్టమే నా దృష్టిలో తక్కిన రెంటికంటె గొప్పది. అయినను మనిషి ఆ దేశమున అడుగిడనిదే పాటకు అవకాశము లేదు గనుక ముందుగా ఆ సంగతి చెప్పవలసియున్నది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో సందర్శకులకిచ్చు బీ-1, బీ-2 వీసాలపై వెళ్లి వృత్తికళాకారుడు ప్రదర్శన లిచ్చుటకు వీలులేదు. పారితోషికము పుచ్చుకొనను, మనవారి ముచ్చట కొరకు వాయించి వత్తునని చెప్పినచో చెల్లునని పలువురి నమ్మకము. అది చెల్లదు. డబ్బు తీసికొను అలవాటు లేక కేవలము అభిరుచి కొలది పాడువానికి, ఆడువానికి బీ-2 వీసాలో కొంత వెసులుబాటు కలదు గాని, స్వదేశమున సొమ్ము తీసికొని వాయించువాడు, ఆ సొమ్ము అతనికి జీవనాధారము కాకపోయినను, అమెరికాలో ఉచితముగా వాయింతునని ఒప్పుకొన్నను, ఆ వెసులుబాటునకు అర్హుడు కాడని వారి కాన్సులర్ అధికారుల నియమావళి స్పష్టముగా చెప్పుచున్నది. ఒంటరి డీజేకు తెరచియున్న ద్వారములు ముఖ్యముగా రెండు: కళలో అసాధారణ ప్రతిభను నిరూపించుకొనగలవారికి ఓ-1బీ, ఒక జాతి సంస్కృతికి ప్రత్యేకమైన కళను ప్రదర్శించువారికి పీ-3. ఈ రెంటికిని కళాకారుడు తనంతట తాను అర్జీ పెట్టుకొనలేడు. అచ్చటి యజమానియో ఏజెంటో ఐ-129 అను పత్రమును దాఖలు చేసి, ఒప్పందమును, కార్యక్రమముల వివరమును, ఆ వృత్తికి సంబంధించిన సంఘపు అభిప్రాయమును దానికి జతపరుపవలెను. కూచిపూడి నర్తకికి పీ-3 సహజముగా పొసగును. సినిమా పాటలను కలిపి వాయించు డీజే తన కళ ఒక సంస్కృతికి ప్రత్యేకమైనదని అధికారిని ఒప్పించుట అంత తేలిక కాదు. కావున ఉగాది వేడుకకు డీజేను పిలువదలచిన సంఘమువారు సంక్రాంతి నాటికి మేలుకొన్నచో ఆలస్యమే.

ఇంతకంటె నాకు ఆందోళన కలిగించు సంగతి, అప్పటికే అమెరికాలో నున్న మన పిల్లలది. ఎఫ్-1 వీసాపై చదువుకొను విద్యార్థి విశ్వవిద్యాలయపు ఆవరణలో, తరగతులు జరుగు కాలమున వారమునకు 20 గంటలకు మించకుండ పనిచేయవచ్చును. శనివారపు రాత్రి ఒక వివాహమందిరమున సొమ్ము తీసికొని వాయించుట, తగిన అనుమతి పొందియుండనిచో, వీసా షరతులను ఉల్లంఘించుటయే యగును. హెచ్-1బీపై కొలువు చేయు ఇంజనీరునకును అంతే. తనకు వీసా తెచ్చిన యజమాని వద్ద తప్ప వేరొకచోట ఆర్జించు హక్కు అతనికి లేదు. పనిచేసినట్లు ఋజువు లెక్కడ దొరకునని ధైర్యము చెప్పు మిత్రులుందురు. తన పేరు, బొమ్మ, తేదీ, వేదిక అచ్చువేసిన ప్రకటనను ఇన్‌స్టాగ్రామ్‌లో తానే పెట్టుకొనిన తరువాత వేరు ఋజువెందులకు?

బ్రిటన్ ఈ విషయమున కొంత ఉదారముగా నున్నది. 2024 జనవరి 31 నుండి సాధారణ సందర్శక వీసాతోనే, స్వదేశమున వృత్తికళాకారుడైనవాడు అచ్చటి కళాసంస్థయో ఏజెంటో ముందుగా ఆహ్వానించియుండగా, ఆ సంగతిని వీసా దరఖాస్తులోనే తెలిపి, దేశమున దిగిన 30 దినములలోపల ఆ కార్యక్రమమును ముగించినచో, దానికి పారితోషికము స్వీకరింపవచ్చును. దిగిన తరువాత పరిచయస్థుల ద్వారా దొరకిన రెండవ కార్యక్రమమునకు మాత్రము ఈ ఉదారత వర్తింపదు.

ఇక పాట. అందరి యెదుట పాట వినిపించుటకు వెల చెల్లింపవలెనను న్యాయము రెండు కాఫీశాలలలో పుట్టినదని చెప్పినచో అతిశయోక్తి కాదు. 1847లో పారిస్ నగరమున ఎర్నెస్ట్ బూర్జే అను రచయిత ఒక కెఫేలో కూర్చుండియుండగా, అచ్చట తన కృతినే తన అనుమతి లేక వినిపించుట గమనించి, నా పాటకు మీరు వెల యీయనప్పుడు మీ పానీయమునకు నేనెందుల కీయవలెనని సొమ్ము చెల్లింప నిరాకరించెను. వివాదము న్యాయస్థానమున కెక్కగా ఆయన పక్షమే గెలిచినది. ఆ గెలుపు నుండి 1851లో సాసెమ్ అను సంస్థ, దాని ననుసరించి దేశదేశముల రచయితల సంఘములు వెలసినవి. పిమ్మట ఎనుబది యేండ్లకు ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున ఒక కాఫీశాలవారు వచ్చినవారి వినోదమునకై గ్రామఫోను రికార్డు వేయగా, రికార్డు కంపెనీ దావా తెచ్చినది. బాణీ కట్టినవాని హక్కు వేరు, రికార్డు చేసినవాని హక్కు వేరు, రెండవదానికిని వెల యున్నదని న్యాయమూర్తి తీర్పిచ్చెను. 1934లో రికార్డు కంపెనీలు కూడి పీపీఎల్ అను సంస్థను స్థాపించుకొనిరి. అప్పటికే 1914 నుండి పీఆర్‌ఎస్ అను సంస్థ స్వరకర్తల, గీతకర్తల పక్షమున రుసుము వసూలు చేయుచుండెను. 2018 నుండి ఈ రెండును కలిసి వ్యాపారస్థలములకు ఒకే లైసెన్సును ఇచ్చుచున్నవి.

డీజే వాయించు ప్రతి పాటలోను ఇట్లు రెండు ఆస్తులు దాగియున్నవి: సాహిత్యముతో కూడిన స్వరరచన ఒకటి, దాని ధ్వనిముద్రణ మరియొకటి. బ్రిటన్‌లోను జర్మనీలోను రెంటికిని చెల్లింపు కలదు. అమెరికాలో మాత్రము, క్లబ్బులో రికార్డు వేసినందుకు ధ్వనిముద్రణ యజమానికి ఏమియు ముట్టదు. ఆ దేశపు చట్టము ఆ హక్కును డిజిటల్ ప్రసారములకే పరిమితము చేసినది. గీతకర్త, స్వరకర్తల పక్షమున ఆస్కాప్, బీఎమ్‌ఐ, సీసాక్, జీఎమ్‌ఆర్ అను నాలుగు ముఖ్య సంస్థ లచ్చట ఉన్నవి. హాలువారి వద్ద వీనిలో ఒకదాని లైసెన్సు మాత్రమే యున్నచో తక్కినవారి పాటలకు రక్షణ లేదు. అనుమతి లేక వినిపించిన ఒక్కొక్క కృతికి 750 నుండి 30,000 డాలర్ల వరకు, బుద్ధిపూర్వకమని తేలినచో 1,50,000 డాలర్ల వరకు పరిహారము విధించు అధికారము అమెరికా న్యాయస్థానములకు కలదు.

ఈ లైసెన్సు తీసికొనవలసిన భారము సాధారణముగా హాలువారిపైననో కార్యక్రమ నిర్వాహకులపైననో ఉండును, డీజేపైన కాదు. అంతమాత్రమున నిశ్చింతగా నుండుట తగదు. లైసెన్సు ఎవరు తీసికొందురో ఒప్పందములో ఒక వాక్యము వ్రాయించుకొనుట ప్రతి డీజే చేయదగిన పని. మన సంఘముల కార్యక్రమములు తరచుగా పాఠశాలల మందిరములలోను, అద్దె హాళ్లలోను జరుగును గనుక ఆ వాక్యము మరింత అవసరము.

లాప్‌టాపులోని పాటల సంగతి వేరు. అవి డీజే సొంత బాధ్యత. సినిమా టిక్కెట్టు కొన్నవానికి ఆ బొమ్మను ఊరివారందరికి చూపు హక్కు రానట్లే, చందా కట్టి ఫోనులో పాటలు వినువానికి వానిని సభలో వినిపించు హక్కు రాదు. ఆ చందాల షరతులలో వ్యక్తిగత వినియోగమునకే యని సాధారణముగా వ్రాసియుండును. కొన్న పాటను నకలు చేసికొనుటయు సర్వత్ర స్వేచ్ఛ కాదు. బ్రిటన్‌లో సొంత వినియోగమునకు నకలు తీసికొను వెసులుబాటును 2014 అక్టోబరులో చట్టమున చేర్చిరి. మరుసటి యేడు జూలైలో హైకోర్టు దానిని కొట్టివేసినది. జర్మనీలో గేమా అను సంస్థ, ప్రదర్శన కొరకు నకలు చేసికొన్న పాట యొక్కింటికి 13 సెంట్ల చొప్పున రుసుమును 2013 ఏప్రిల్ నుండి అమలులో పెట్టినది. హాలువారి లైసెన్సుతో నిమిత్తము లేకుండ దీనిని డీజేయే చెల్లింపవలెను.

రీమిక్సును గూర్చి ఒక మాట. రెండు పాటలను వరుసగా కలిపి వాయించుట ఒకటి, పాటను కోసి కొత్త రూపమిచ్చి అచ్చువేయుట మరియొకటి. క్రాఫ్ట్‌వెర్క్ అను జర్మను బృందము 1977లో ముద్రించిన పాటలోని రెండు సెకండ్ల తాళపు తునకను మరియొక పాటలో వాడుకొన్నందుకు పుట్టిన వ్యాజ్యము ఇరువది యేండ్లు దాటి సాగినది. చెవికి గుర్తుపట్టదగినట్లున్న తునక యెంత చిన్నదైనను రికార్డు యజమాని అనుమతి కావలెనని 2019లో ఐరోపా న్యాయస్థానము చెప్పినది. మన జానపదములను డీజే మిక్సులుగా మార్చువారు దీనిని శ్రద్ధగా గమనింపవలెను. తరతరముల పాట ఎవ్వరి సొత్తును కాకపోవచ్చును. దానిని నిరుడు స్టూడియోలో పాడిన గాయని గొంతు మాత్రము అందరి సొత్తు కాదు.

స్థలమును గూర్చిన చట్టము మనకు సుపరిచితమే. రాత్రి 10 గంటల తరువాత మైకు కూడదను నియమము మన దేశమున 2000 సంవత్సరము నుండి ఉన్నది. మతపరమైన ఊరేగింపులలో డీజే పెట్టెలను హైదరాబాదు పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించిరి. ఇంగ్లండులో 2003 నాటి లైసెన్సింగు చట్టము ప్రకారము ఒక్కనాటి వేడుకకు 499 మందికి మించనిచో తాత్కాలిక నోటీసు చాలును. కాని దానిని సాధారణముగా కనీసము 10 పనిదినములు ముందుగా స్థానిక కౌన్సిలునకు ఈయవలెను. అచ్చటి పలు హాళ్లలో ధ్వని హద్దు మీరినచో విద్యుత్తును తానే త్రుంచివేయు యంత్రము గోడకు అమర్చియుండును. జర్మనీలో రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు ఇరుగుపొరుగుల నిశ్శబ్దమునకు రక్షణ కలదు. గుడ్ ఫ్రైడే నాడు ఆ దేశపు రాష్ట్రములు బహిరంగ నృత్యములపై, కొన్ని పూర్తిగాను కొన్ని కొన్ని గంటలును, నిషేధము విధించును.

ఈ మూడు చట్టములకు తోడు, పారితోషికమునుండి పన్ను ముందుగానే కోయబడును: అమెరికాలో సాధారణముగా 30 శాతము, బ్రిటన్‌లో 20, జర్మనీలో 15 శాతమునకు పైగా. దేశముల నడుమనున్న పన్ను ఒప్పందములను బట్టి తగ్గింపులుండును గనుక కోత పత్రమును అడిగి తెచ్చుకొని స్వదేశపు పన్ను లెక్కలో చూపవలెను. సామగ్రికి, ఫిక్కీ అను వాణిజ్యసంఘ మిచ్చు ఏటీఏ కార్నెట్ అను కస్టమ్స్ పత్రము గాని, బయలుదేరునప్పుడు విమానాశ్రయపు కస్టమ్స్‌వారిచ్చు ఎగుమతి ధ్రువపత్రము గాని చేత నున్నచో, తిరిగి వచ్చునప్పుడు తన కంట్రోలరునకే తాను సుంకము కట్టవలసిన దుస్థితి తప్పును.

ఈ నిబంధనల నన్నిటిని పాటించినను ఒక లోటు మిగులును. దానిని గూర్చియే ఇంత వ్రాయవలెనని నాకు తోచినది. మన గీతకర్తల, స్వరకర్తల పక్షమున 1969 నుండి ఐపీఆర్‌ఎస్ పనిచేయుచున్నది; విదేశ సంస్థలతో దానికి పరస్పర ఒప్పందములున్నవి. 2012లో మన కాపీరైటు చట్టమునకు చేసిన సవరణ, సినిమాకు వ్రాసిన పాటయైనను సినిమాహాలు వెలుపల దాని వినియోగమునకు వచ్చు రాయల్టీలో రచయిత సమభాగమును నిర్మాత వ్రాయించుకొనరాని హక్కుగా చేసినది. కావున లండన్‌లో మ్రోగిన తెలుగు పాట వెల హైదరాబాదులోని రచయితను చేరుటకు త్రోవ యున్నది. కాని లైసెన్సు రుసుము ఒక్క మొత్తముగా వసూలగును. దానిని ఎవరెవరికి పంచవలెనో తెలియుటకు ఏ పాటలు వినిపించినవో తెలియవలెను. పెద్ద క్లబ్బులు కొన్నిటిలో పాటను తానే గుర్తుపట్టు యంత్రము లున్నవి. మనవారు ఒక్క సాయంత్రమునకు అద్దెకు తీసికొను మందిరములలో సాధారణముగా అవి యుండవు. నమూనాలను బట్టి పంచు సొమ్ములో తెలుగు రచయిత పేరు తగులు అవకాశము మిక్కిలి స్వల్పమని నా యభిప్రాయము.

కావున వాయించిన పాటల పట్టికను స్వీకరించు సంస్థ యున్నచోట దానిని నిర్వాహకుల ద్వారా అందజేయుట డీజే తన పనిలో భాగముగా భావింపవలెను. మిక్సింగు సాఫ్ట్‌వేర్ ఆ రాత్రి వినిపించిన పాటల క్రమమును తానే భద్రపరచును. కాని ఫైలు పేరుగా పల్లవి తొలి రెండు మాటలు మాత్రమే యున్నచో అది యెవ్వరికిని ఉపకరింపదు. ఒకే పల్లవి మాట పలు సినిమాలలో వచ్చును, ఒకే సినిమా పేరు వేర్వేరు దశాబ్దములలో మరల వచ్చును. పాటకు ఎదురుగా సినిమా పేరు, విడుదలైన సంవత్సరము, సంగీత దర్శకుడు, గీతకర్త, గాయనీగాయకులు, ఆడియో కంపెనీ అను వివరములను ప్రయాణమునకు ముందే, ఇంటివద్ద తీరికగా నింపుకొని పోవలెను.